నూటికి మూడు రూపాయల మిత్తి

అవినీతి వల్ల అంతరాలు ఎట్లా పెరుగుతాయో చూడాలంటే, వరంగల్ జిల్లా నర్సంపేట వైపు ఎకరంన్నర ఉన్న రైతును ఒకరిని అనుకుందాం. తండ్రి పోయాడు, విరాసత్ కావాలి, అంటే వారసుడిగా భూమి తన పేరున ఎక్కాలి. 'ఖర్చులు అయితయి' అని చెప్పేది ఆఫీసులో కుర్చీలో కూర్చున్న మనిషి కాదు, బయట చాయ్ బండి దగ్గర నిలబడే పైరవీకారు. పదెకరాల ఆసామికీ అదే రేటు చెప్పొచ్చు. ఆసామికి అది చిల్లర ఖర్చు, ఇతనికి పత్తి మీద మిగిలేదంతా.

లంచం ఇచ్చినవాడి నష్టం కనిపిస్తుంది. ఇచ్చుకోలేకపోయిన వాడిది ఎవరూ లెక్కవేయరు. విరాసత్ కాక తన పేరున పాసుబుక్కు లేదు కనుక పంట రుణం రాదు. వస్తే, 3 లక్షల దాకా గడువులో కట్టినవారికి కేంద్రం రాయితీ పోను పడే వడ్డీ 4 శాతమే. అతను పోయేది ఆడ్తి (మార్కెట్ కమీషన్ వ్యాపారి) దగ్గరికి. అక్కడ నెలకు నూటికి మూడు రూపాయల మిత్తి అనుకుంటే ఏడాదికి 36 శాతం. లక్షకు 4 వేలు కట్టాల్సిన చోట 36 వేలు. వరంగల్ ఏనుమాముల మార్కెట్లో పత్తి కూడా ఆ ఆడ్తికే, చెప్పిన ధరకే వేయాలి. రైతు పోతే ఇంటివాళ్లకు అందే రైతుబీమా 5 లక్షలకూ పాసుబుక్కే కావాలి.

రెండేళ్లు ఇట్లా గడిస్తే ఆ భూమే అమ్మకానికి వస్తుంది. పట్టా చిక్కున్న భూమి కాబట్టి అగ్గువకే పోతుంది. కొన్నవాడి కాగితాలు మాత్రం ఎక్కడా ఆగవు! అవినీతి వల్ల అంతరాలు ఎట్లా పెరుగుతాయని అడిగేవారికి మా జవాబు ఇదే.

2020 సెప్టెంబరులో ఊళ్లో భూమి లెక్కలు చూసే వీఆర్వోలను తీసేశారు, అక్టోబరులో భూ రికార్డుల పోర్టల్ ధరణి తెచ్చారు, 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. చాయ్ బండి దగ్గరి మనిషికి పని తగ్గలేదు. ఇచ్చేవాడిదీ తప్పే కదా అనేవారున్నారు. 2018లో సవరించిన అవినీతి నిరోధక చట్టం ప్రకారం, బలవంతం మీద ఇచ్చినవాడు 7 రోజుల్లో ఫిర్యాదు చేస్తే శిక్ష లేదు. అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) నంబరు 1064కు ఫోన్ చేయొచ్చు. చేశాక ఏసీబీ పట్టుకున్న అధికారి సస్పెండ్ అవుతాడు, మరి ఫైలు? ఫిర్యాదు చేసినవాడి పనిని గడువు పెట్టి పూర్తి చేయించే బాధ్యత కలెక్టర్ తీసుకోవాలి.

ఉపాధి హామీ కూలి లెక్కలను ఊరి నడుమ చదివి వినిపించే సామాజిక తనిఖీ మన దగ్గర 2006లోనే మొదలైంది. భూమి దరఖాస్తుల్లో ఏది ఎన్ని రోజులుగా ఎవరి లాగిన్‌లో ఆగిందో అట్లాగే చదవడానికి అడ్డేమిటి? వచ్చే గ్రామసభలోనే ఆ జాబితా బయట పెట్టాలి.