ఒడ్డున ఇల్లు కట్టి, నీళ్లలో వల తెంపి

శ్రీలంకలో ప్రాణం మీదికి వస్తే 1990కి ఫోన్ చేస్తారు. వచ్చే అంబులెన్స్ పేరు 'సువ సెరియ'. దాని పుట్టిల్లు హైదరాబాద్ అని మనలోనే చాలామందికి తెలియదు. 2005లో ఇక్కడ మొదలైన 108 పద్ధతినే 2016లో భారత ప్రభుత్వ గ్రాంటుతో అక్కడికి తీసుకెళ్లారు. ముందు పశ్చిమ, దక్షిణ ప్రావిన్సుల్లో 88 బండ్లు తిరిగాయి, తర్వాత మరో 209 తోడై దేశమంతా చేరాయి.

మొదట్లో అక్కడ అనుమానాలు తక్కువేం కాదు. అంబులెన్సుల పేరుతో భారత్ గూఢచారులను దించుతోందన్న మాట కూడా వినిపించింది. అది నిలవలేదు. బండి నడిపేదీ, లోపల ఆక్సిజన్ పెట్టేదీ లంకవాళ్లే, హైదరాబాద్‌లో ట్రైనింగ్ తీసుకుని వెళ్లినవాళ్లు. 2018లో చట్టం చేసి సర్వీసును లంక సంస్థకే అప్పగించారు. ఇంతా చేసి మనకు అయిన ఖర్చు రెండున్నర కోట్ల డాలర్లలోపే.

2022లో పెట్రోలు బంకుల ముందు రోజుల తరబడి క్యూలు కట్టిన లంకకు భారత్ అందించిన సాయం సుమారు 400 కోట్ల డాలర్లు. గొప్ప సాయమే, కాదనను. కానీ అందులో ఎక్కువ భాగం తిరిగి కట్టాల్సిన అప్పే. చైనా అప్పుతో కట్టుకున్న హంబన్‌తోట పోర్టును 99 ఏళ్లకు చైనా కంపెనీకి లీజుకిచ్చిన దేశానికి అప్పంటే ఏమిటో మనం చెప్పక్కర్లేదు.

నాకు మింగుడుపడనిది ఇంకొకటి. ప్రభుత్వానికీ తమిళ పులులకూ మధ్య నడిచిన యుద్ధం ముగిశాక లంక ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో భారత్ 46,000 ఇళ్లు కట్టించింది. వాటిలో ఉండేది ఎక్కువగా తమిళులే, కొందరికి చేపల వేటే బతుకు. వాళ్ల వలలు తెంపుతున్నదెవరు? రెండు దేశాల మధ్య ఉన్న పాక్ జలసంధి దాటి వచ్చే తమిళనాడు ట్రాలర్లు, అంటే పెద్ద వలలు ఈడ్చుకెళ్లే మరపడవలు. సముద్రం అడుగును ఊడ్చేసే ఈ వేటను శ్రీలంక 2017లోనే నిషేధించింది. అదే ఏడాది మనం కూడా 2,000 ట్రాలర్లను లోతు సముద్రపు పడవలుగా మారుస్తామని పథకం పెట్టాం. అది నత్తనడక నడిచింది.

మన టీవీల్లో మాత్రం ఎప్పుడూ లంకకు వదిలేసిన చిన్న దీవి కచ్చతీవు గొడవే, అరెస్టయిన మన జాలర్ల వార్తే. ఆ అరెస్టుల వెనుక కష్టం నిజమే. అవతలి ఒడ్డున, మనం కట్టించిన ఇంటి అరుగు మీదే తెగిన వల కుట్టుకునే మనిషి గురించి చర్చ పెట్టిన ఛానెల్ నాకైతే కనపడలేదు.