జెర్సీ మార్చాడని తుయింగమాలాని నిందించేవాళ్లకు

వాయింగా తుయింగమాలా గురించి రాసేవాళ్లు తప్పకుండా ఒక లెక్క చెబుతారు. ముందు న్యూజిలాండ్ జాతీయ జట్టు ఆల్ బ్లాక్స్‌కి రగ్బీ యూనియన్, అంటే 15 మంది ఆడే రగ్బీ, ఆడాడు. తర్వాత ఇంగ్లండ్ వెళ్లి విగన్ క్లబ్‌లో రగ్బీ లీగ్, అంటే 13 మంది ఆడే వేరే రగ్బీ, ఆడాడు. మళ్లీ యూనియన్‌కి వచ్చి న్యూకాజిల్‌లో చేరాడు. ఈలోగా పసిఫిక్ దీవుల దేశం సమోవా జెర్సీ కూడా వేసుకున్నాడు. లెక్క అయ్యాక, కుదురు లేని మనిషి, డబ్బు ఎటుంటే అటు వెళ్లాడు అని తేల్చేసేవాళ్లు ఉన్నారు. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మనిషి జీవితంలో ఏ మలుపు చూసినా, అక్కడి గీత ఎవరో గీసిందే. ఆ గీత ఎందుకు గీశారో అడగకుండా, దాటినవాడినే బోనులో నిలబెడుతున్నాం.

1969లో సమోవాలోని ఉపోలు దీవిలో, ఫాలేయాసియు అనే ఊళ్లో పుట్టాడు. చిన్నప్పుడే కుటుంబంతో ఆక్లాండ్ చేరాడు. సమోవా భాషలో ఇంగ్లిష్ 'జి' అక్షరాన్ని 'ంగ' అని పలుకుతారు, అందుకే అతను అందరికీ 'ఇంగా' అయ్యాడు. మన లిపిలో ఆ పేరు ఉన్నదున్నట్టు రాసుకోవచ్చు, అది నాకు సంతోషం. న్యూజిలాండ్ తరఫున 19 టెస్టులు (దేశాల మధ్య మ్యాచ్‌లు), 1991 ప్రపంచ కప్. వంద కిలోలు దాటిన వింగర్. వింగర్ అంటే గీత పక్కన సందు చూసుకుని జారిపోయేవాడని అప్పటిదాకా అనుకునేవాళ్లు. ఇతను బంతి చంకలో పెట్టుకుని ఎదురొచ్చినవాడి మీదుగానే వెళ్లేవాడు. 1994 మొదట్లో, 24 ఏళ్ల వయసులో, విగన్‌కి సంతకం చేశాడు.

అసలు సంగతి ఆ సంతకంలోనే ఉంది. అది ఒక క్లబ్ వదిలి ఇంకో క్లబ్‌లో చేరడం లాంటిది కాదు. ఆ రోజుల్లో లీగ్ డబ్బు తీసుకున్న ఆటగాడికి యూనియన్ తలుపులు శాశ్వతంగా మూసుకుపోయేవి. పాత క్లబ్‌లో సరదాగా ఆడటానికి కూడా వీలుండేది కాదు. ఈ వెలి ఎక్కడ మొదలైందో తెలియకపోతే తుయింగమాలా కథ అర్థం కాదు.

1895 ఆగస్టు 29న ఉత్తర ఇంగ్లండ్‌లోని హడర్స్‌ఫీల్డ్ ఊళ్లో, జార్జ్ హోటల్‌లో అక్కడి క్లబ్బుల పెద్దలు కూర్చున్నారు. వాళ్ల ఆటగాళ్లు బొగ్గు గనుల్లో, నూలు మిల్లుల్లో పనిచేసే కూలీలు. శనివారం మ్యాచ్ ఆడితే ఆ పూట కూలి పోయేది. పోయిన కూలి మాత్రం ఇప్పించండి అన్నారు, అంతకు మించి ఏమీ అడగలేదు. రగ్బీని నడిపే లండన్ పెద్దమనుషులు ససేమిరా అన్నారు. ఆటని ప్రేమించేవాడు డబ్బు అడగకూడదట. పొలాలూ ఆస్తులూ ఉన్నవాడికి ఆ సూత్రం వల్ల పోయేదేమీ లేదు. శనివారం కూలితో ఆదివారం పొయ్యి వెలిగించుకునేవాడికి అది ఆటే వద్దని చెప్పడం. ఉత్తరాది క్లబ్బులు విడిపోయాయి. వాళ్లు తర్వాత తమ ఆటని 13 మందికి కుదించి, ప్రత్యర్థి పట్టి పడేశాక లేచి బంతిని కాలితో వెనక్కి నెట్టే పద్ధతి పెట్టి, కొత్త ఆటే తయారుచేసుకున్నారు. దాన్నే ఇప్పుడు రగ్బీ లీగ్ అంటున్నాం. యూనియన్ పెద్దలు మాత్రం కూలి అడిగిన నేరాన్ని వందేళ్లు మరచిపోలేదు.

సరిగ్గా వందేళ్లు. 1995 ఆగస్టు 26న, హడర్స్‌ఫీల్డ్ సమావేశానికి శతాబ్ది నిండటానికి మూడు రోజుల ముందు, రగ్బీ యూనియన్ తానే ప్రొఫెషనల్ అయింది. టీవీ డబ్బు వచ్చి పడేసరికి ఆ సూత్రం ఒక్క ప్రకటనతో ఆవిరైంది. తుయింగమాలా విగన్‌లో చేరి అప్పటికి రెండేళ్లు కూడా కాలేదు. 1994లో డబ్బు మనిషి అనిపించుకున్నవాడు చేసిన పనే 1995లో అందరికీ న్యాయమైంది. అతనికి ఎవరైనా క్షమాపణ చెప్పారా?

1996 మే నెల నాకు చాలా ఇష్టం. ఆ నెలలో వందేళ్ల అహంకారం మైదానంలో బట్టబయలైంది. లీగ్ ఛాంపియన్ విగన్, యూనియన్ ఛాంపియన్ బాత్ రెండు మ్యాచ్‌లకి ఒప్పుకున్నాయి. మే 8న మాంచెస్టర్‌లో లీగ్ రూల్స్ ప్రకారం విగన్ 82-6తో గెలిచింది. మూడు రోజుల తర్వాత అదే విగన్, యూనియన్ గుడి అని చెప్పుకునే ట్వికెన్‌హామ్‌లో, జట్టుకి ఏడుగురు ఆడే యూనియన్ పోటీ మిడిల్‌సెక్స్ సెవెన్స్ ఆడి కప్పు పట్టుకుపోయింది. మే 25న అక్కడే యూనియన్ రూల్స్‌తో బాత్ 44-19తో గెలిచింది. ఓడిన ఆ మ్యాచ్‌లో విగన్ మూడు ట్రైలు చేసింది, ఒకటి తుయింగమాలాది. వెలివేసిన ఊరి నడిబొడ్డున, ఆ ఊరి ఆటలోనే గీత దాటి బంతిని నేలకి ఆనించాడు. 1997లో న్యూకాజిల్ అతని కోసం పది లక్షల పౌండ్లు పెట్టిందని పత్రికలు రాశాయి, అప్పటికి అది రికార్డు. మరుసటి సీజన్‌లో ఆ క్లబ్ ఇంగ్లండ్ ఛాంపియన్ అయింది. డబ్బు తీసుకున్నాడు, తీసుకోవాలి. పని చేసినవాడు జీతం తీసుకోవడం నేరమని చెప్పిన తరం పోయింది.

ఇక దేశం మార్చాడనే మాట. అవతలివాళ్ల వాదనలో కొంత నిజముంది. అతన్ని పెంచింది ఆక్లాండ్ బడులు, ఆక్లాండ్ క్లబ్బులు, అక్కడి కోచ్‌లు. సమోవాలో అంత సదుపాయం లేదు. రెండు దేశాలకీ ఆడనిస్తే దేశం జట్టుకి విలువేముంటుంది, ఇవాళ ఇక్కడ రేపు అక్కడ అంటే ప్రేక్షకుడు ఎవరిని నమ్మాలి అని వాళ్లు అడుగుతారు. 2000 సంవత్సరం నుంచి ఒక దేశానికి ఆడితే ఇంకో దేశానికి ఆడకూడదని రూల్ వచ్చింది ఈ ఆలోచనతోనే.

ఆ రూల్ ఎవరి మీద పడిందో చూడండి. పెద్ద దేశాలు కుర్రాళ్లకి ఒకటి రెండు టెస్టులు ఆడించి పక్కన పెట్టేశాయి. వాళ్లకి అక్కడ చోటు లేదు, సొంత దీవికి ఆడదామంటే రూల్ ఒప్పుకోదు. 1999లో కార్డిఫ్‌లో వేల్స్‌ని 38-31తో ఓడించిన సమోవా ప్రపంచ కప్ జట్టులో తుయింగమాలా ఉన్నాడు. అతని తర్వాతివాళ్లకి ఇరవై ఏళ్లకి పైగా ఆ అవకాశం లేకుండా పోయింది. 2022 జనవరి 1 నుంచి రూల్ సడలించారు: మూడేళ్లు ఆగితే, తానో తల్లిదండ్రులో తాత బామ్మలో పుట్టిన దేశానికి ఆడొచ్చు. అదే ఏడాది ఫిబ్రవరి 24న తుయింగమాలా చనిపోయాడు, 52 ఏళ్లకే.

లీగ్ ఈ విషయంలో ముందే తెలివి తెచ్చుకుంది, ఆటగాళ్లని సొంత దీవులకి ఆడనిచ్చింది. 2022 రగ్బీ లీగ్ ప్రపంచ కప్‌లో సమోవా మొదటి మ్యాచ్‌లో ఇంగ్లండ్ చేతిలో 60-6తో చితికిపోయింది. అదే ఇంగ్లండ్‌ని సెమీస్‌లో 27-26తో ఓడించి మొదటిసారి ఫైనల్ చేరింది. గెలిపించిన కిక్ కొట్టిన స్టీఫెన్ క్రైటన్ సమోవాలో పుట్టినవాడు, వింగర్ బ్రయాన్ తోఓ సిడ్నీలో పుట్టినవాడు. ఇద్దరూ ఒకే జెర్సీలో ఏడ్చారంటే, నవ్వారంటే, ఎవరికి ఏం నష్టం జరిగింది?

నేను ఆట గురించి మొదలుపెట్టాను గానీ, నన్ను నిద్రపోనివ్వనిది పౌరసత్వం. తుయింగమాలా పిల్లవాడిగా పెరిగిన ఆక్లాండ్‌లోనే 1970ల మధ్యలో పోలీసులు తెల్లవారుజామున పసిఫిక్ దీవులవాళ్ల ఇళ్ల తలుపులు బాదేవారు. వీసా గడువు దాటినవాళ్లని పట్టుకోవడానికి. 1985-86 లెక్కల్లో గడువు దాటినవాళ్లలో పసిఫిక్ దీవులవాళ్లు మూడో వంతే, కేసులు పెట్టింది మాత్రం 86 శాతం వాళ్ల మీదే. 1982లో ఫాలేమయి లేసా అనే సమోవా మహిళ కేసులో అప్పట్లో న్యూజిలాండ్‌కి పై కోర్టు అయిన లండన్ ప్రివీ కౌన్సిల్ ఒక తీర్పిచ్చింది. న్యూజిలాండ్ పాలన కింద 1924 నుంచి 1948 దాకా సమోవాలో పుట్టినవాళ్లు న్యూజిలాండ్ పౌరులేనని. కొన్ని వారాల్లోనే ప్రధాని మల్డూన్ ప్రభుత్వం చట్టం చేసి ఆ పౌరసత్వాన్ని లాగేసుకుంది. ఏడేళ్ల తర్వాత అదే దేశం సమోవాలో పుట్టిన ఒక కుర్రాడికి ఆల్ బ్లాక్స్ నల్ల జెర్సీ తొడిగి, మ్యాచ్ ముందు చేసే మావోరీ నృత్యం హాకా ఆడించింది. ఆటగాడు కావాలి, అతని పెద్దలు వద్దు. విధేయత పాఠం చెప్పాల్సింది ఎవరికి?

తుయింగమాలా ఆట మానేశాక ఆక్లాండ్‌లో అంత్యక్రియల వ్యాపారం నడిపాడు. స్టార్ ఆటగాడు శవపేటికల పని చేయడమేంటని కొందరికి వింతగా అనిపించింది. సమోవా ఇంట్లో చావు ఎలా జరుగుతుందో తెలిసినవాళ్లకి వింత కాదు. చుట్టాలు గుంపులు గుంపులుగా వస్తారు. నెలల తరబడి అల్లిన సన్నటి చాపలు ఇద్దరు ముగ్గురు పట్టుకుని విప్పి చూపిస్తూ తెస్తారు. కవర్లో డబ్బు, డబ్బాల కొద్దీ తిండి తెస్తారు. ఎవరు ఏం తెచ్చారో ఇంటి తరఫు పెద్ద గట్టిగా చదువుతాడు, వెళ్లేటప్పుడు వాళ్లకి తిరిగి ఇచ్చి పంపుతారు. ఈ బాధ్యతనంతా వాళ్లు ఫాలవెలవె అంటారు. దీవిలో ఒకరు పోతే ఆక్లాండ్ గోదాములో రాత్రి షిఫ్ట్ చేసేవాడూ, సిడ్నీలో వింగర్‌గా ఆడేవాడూ ఇద్దరూ డబ్బు పంపాలి. సమోవా జీడీపీలో నాలుగో వంతుకు పైగా ఇలా బయటి నుంచి వచ్చే డబ్బే. ఇన్ని ఇళ్లు మోసే మనిషిని పట్టుకుని డబ్బు కోసం వెళ్లాడు అంటే ఏమనాలి?

2024 నవంబరులో న్యూజిలాండ్ పార్లమెంటు ఒక చట్టం చేసింది. 1982లో తీసేసుకున్న పౌరసత్వాన్ని, అడిగినవాళ్లకి తిరిగి ఇస్తారు. 1948 నాటికి పుట్టినవాళ్లకే అది. వాళ్లలో అందరికన్నా చిన్నవాళ్లకి ఇప్పుడు 75 దాటాయి. వాళ్ల పిల్లలకి ఆ చట్టంతో ఏమీ రాదు. ఫాలేయాసియులో ఉన్నవాళ్లు ఆక్లాండ్‌లో స్థిరపడాలంటే 1970 నుంచి ఉన్న కోటా కోసం లాటరీలో పేరు వేసుకుని ఎదురుచూడాలి. ఏళ్ల తరబడి ఆ కోటా ఏటా 1,100 మందికే. బాగా పరిగెత్తే కుర్రాడికైతే స్కాలర్‌షిప్ కాగితం పట్టుకుని, ఆటగాళ్లని వెతికే స్కౌట్లు ఆ ఊరికే వెళ్తారు.