అర్ధరాత్రి సెర్చ్‌లో చెప్పుకున్న గోడు

మా న్యూస్ డెస్క్‌లో ఒకాయన ఒకరోజు రాత్రి ఒంటిగంట నలభైకి "ఎడమ చెయ్యి లాగుతోంది గ్యాసా గుండెనా" అని ఫోన్‌లో కొట్టాడు. కంగారు పడుతుందని పక్కనున్న భార్యని కూడా లేపలేదు. పొద్దున్నకి నొప్పి తగ్గిపోయింది, ఆయనా మర్చిపోయాడు. మొన్న ఆఫీసులో మాటల్లో ఈ సంగతి వచ్చి గూగుల్ అకౌంట్‌లో యాక్టివిటీ పేజీ తెరిస్తే ఆ లైను డేటు, టైముతో సహా అలాగే ఉంది, దానికి రెండు నిమిషాల తర్వాత వెతికిన "45 ఏళ్ళకి టర్మ్ ఇన్సూరెన్స్ ఎంత" కూడా పక్కనే ఉంది. మేం అడక్కుండా ఆయనే చూపించాడు గానీ మొహం మాత్రం చిన్నబోయింది.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని చుట్టాల దగ్గర నోరు విప్పని మనుషులు కూడా ఆ సెర్చ్ పెట్టె దగ్గర అన్నీ చెప్పేసుకుంటారు, అప్పు, జబ్బు, పిల్ల పెళ్ళి, కొడుకు తాగుడు, విడాకులు, అన్నీ. మేం చెప్పేది ఒక్కటే, ఆ మాట చెప్పుకున్న మనిషిది. దాన్ని ఏళ్ళ తరబడి దాచుకోవాలంటే కంపెనీ ముందుగా మనకి అర్థమయ్యేలా అడగాలి, మనం సరేనంటేనే దాచాలి.

మొదట్లో ఇలా లేదు. 1990ల్లో ఆల్టావిస్టా అనే అప్పటి సెర్చ్ ఇంజిన్‌లో ఒక మాట కొడితే గుంటూరులో కొట్టినా అమెరికాలో కొట్టినా దాదాపు అదే లిస్టు వచ్చేది. 1998లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ ఏ పేజీకి ఎవరు లింకు ఇస్తున్నారు, ఆ ఇచ్చేవాళ్ళకి ఎంత విలువుంది అని లెక్కగట్టే పద్ధతితో గూగుల్ తెచ్చారు. యాడ్స్ డబ్బు మీద నడిచే సెర్చ్ ఇంజిన్ యాడ్స్ ఇచ్చేవాళ్ళ వైపే మొగ్గుతుందని ఆ ఏడాది రీసెర్చ్ పేపర్లో రాసింది కూడా వాళ్ళిద్దరే. రెండేళ్ళు తిరిగేసరికి, 2000లో, గూగుల్ యాడ్స్ అమ్మడం మొదలుపెట్టింది. 2005లో లాగిన్ అయినవాళ్ళకి వాళ్ళ పాత సెర్చ్‌లని బట్టి రిజల్ట్స్ మార్చడం వచ్చింది, 2009 డిసెంబర్ నుంచి లాగిన్ అవ్వకపోయినా సరే, బ్రౌజర్లో కుకీ (మనల్ని గుర్తుపట్టడానికి సైటు దాచిపెట్టే చిన్న ఫైలు) పెట్టి 180 రోజుల సెర్చ్‌లు చూసి మార్చడం వచ్చింది. మనల్ని అడిగారా అంటే లేదు, వద్దనుకుంటే మనమే వెతుక్కుని ఆపుకోవాలి.

పర్సనలైజేషన్, అంటే ఇలా మనిషిని బట్టి రిజల్ట్స్ మార్చడం, అంతా చెడ్డదని మేం అనట్లేదు. నంద్యాలలో ఉన్నాయన మెడికల్ షాపు అని కొడితే నంద్యాల షాపులే రావాలి, అందులో తప్పేముంది. కానీ దానికి ఆయన ఇప్పుడు ఎక్కడున్నాడో తెలిస్తే చాలు, పోయినేడాది ఆయన దేనికి భయపడ్డాడో ఎందుకు? రిజల్ట్స్ మారడానికి ఎక్కువగా లొకేషన్, అప్పటికప్పుడు వెతికిన మాటలే కారణమని, పర్సనలైజేషన్ చాలా తక్కువని 2018లో గూగులే చెప్పుకుంది. మరి అంత తక్కువైతే అంత హిస్టరీ దేనికి? యాడ్స్‌కి.

పేరు తీసేస్తాం, నంబరే ఉంచుతాం, భయం లేదు అంటారు. 2006 ఆగస్టులో అమెరికాలో ఏవోఎల్ అనే ఇంటర్నెట్ కంపెనీ పరిశోధకుల కోసమని దాదాపు ఆరున్నర లక్షల మంది మూడు నెలల సెర్చ్‌లని, అంటే సుమారు 2 కోట్ల సెర్చ్‌లని, పేర్లు తీసేసి నంబర్లు వేసి నెట్‌లో పెట్టింది. కొద్ది రోజుల్లోనే న్యూయార్క్ టైమ్స్ విలేకరులు ఒక నంబర్ వెనకున్న మనిషి ఇంటి గుమ్మం ముందుకొచ్చారు, జార్జియా రాష్ట్రంలో 62 ఏళ్ళ ఒంటరి వితంతువు. చేతివేళ్ళు మొద్దుబారడం గురించి, ఎక్కడపడితే అక్కడ పాడుచేసే కుక్క గురించి, తన ఊళ్ళో దొరికే పనివాళ్ళ గురించి ఆవిడ వెతికినవన్నీ కలిపితే ఆవిడ తేలింది. ఇంకో సంగతి, ఆ జబ్బుల్లో చాలావరకు ఆవిడవి కాదు, స్నేహితుల కోసం వెతికి పెట్టినవి. ఆ లిస్టు చూసి ఎవరైనా ఆవిడకి లేని రోగాలన్నీ అంటగట్టేసేవాళ్ళు.

మన ఇళ్ళల్లో ఇది ఇంకా ఎక్కువ, చాలాచోట్ల ఇంటికంతటికీ ఒకటే ఫోను, అమ్మ షుగరు, నాన్న బంగారం లోను, కొడుకు ఎంసెట్ ర్యాంకు, పెళ్ళైన కూతురు పుట్టింటికొచ్చి గదిలో తలుపేసుకుని వెతికింది, అన్నీ ఒక్క అకౌంట్‌లోకే పోతాయి, అటువైపు నుంచి చూసేదానికి ఇదంతా ఒకే మనిషి.

బ్రౌజర్లో ఇన్‌కాగ్నిటో అనే ప్రైవేటు మోడ్ పెడితే సరిపోతుందనుకునేవాళ్ళు చాలామంది. అది మన ఫోన్‌లో హిస్టరీ మిగలకుండా చూస్తుంది, అంతే, అవతలి సైట్లకి మనం కనపడుతూనే ఉంటాం. దీని మీదే 2020లో అమెరికాలో గూగుల్‌పై కేసు పడింది, 2024లో రాజీకొచ్చి కోట్లకొద్దీ రికార్డులు చెరిపేయడానికి గూగుల్ ఒప్పుకుంది. నచ్చకపోతే వేరేది వాడుకోవచ్చు కదా అంటే, 2008 నుంచి మన సెర్చ్‌లు దాచుకోని డక్‌డక్‌గో లాంటి సెర్చ్ ఇంజిన్లు ఉన్నాయి నిజమే, కానీ ఫోన్లలో, బ్రౌజర్లలో ముందే పెట్టి ఉండే డీఫాల్ట్ సెర్చ్ జాగా కోసం గూగుల్ 2021లో ఒక్క ఏడాదే 2,630 కోట్ల డాలర్లు కట్టిందని అమెరికా కోర్టులో బయటపడింది. సెట్టింగ్‌లోకెళ్ళి ఎవరూ మార్చరని తెలుసు కాబట్టే అంత కడతారు, అందుకే ఆ డీఫాల్ట్ మన పక్షాన ఉండాలంటున్నాం.

ప్రైవసీ ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల బెంచ్ తేల్చేసింది. డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, రూల్స్ వచ్చేసరికి 2025 నవంబర్ అయింది, కంపెనీల అసలు బాధ్యతలకి మళ్ళీ పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు. ఇన్నేళ్ళు ఎందుకు పట్టిందో కేంద్రం జనానికి చెప్పాలి. ఆ చట్టంలో మాకు బాగా నచ్చింది, అనుమతి అడిగే నోటీసుని రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని 22 భాషల్లో ఏదైనా ఎంచుకుని చదువుకునే వీలుండాలనడం, అందులో తెలుగూ ఉంది. ఈ రూలు మాకూ వర్తించాలి, మా సైట్‌లోనూ యాడ్స్ ఉన్నాయి, కుకీలున్నాయి.

అయితే ఆ నోటీసు డిక్షనరీ తెలుగులో కోర్టు కాగితంలా ఉంటే ఒక్కరికీ ఉపయోగం ఉండదు. "మీరు వెతికినవి ఇన్ని నెలలు దాచుకుంటాం, యాడ్స్ కోసం వాడతాం, సరేనా, వద్దా" అని రెండు ముక్కల్లో ఉండాలి, వద్దు అనే బటన్ కూడా సరే అంత పెద్దదిగా ఉండాలి. తెలుగులో మాట్లాడి వెతికే సౌకర్యం గూగుల్ 2017లోనే తెచ్చింది, చదవడం రానివాళ్ళు కూడా దానితోనే వెతుక్కుంటున్నారు. వాళ్ళ దగ్గర మాట వినడానికి తెలుగొచ్చిన ఫోన్, అనుమతి అడిగేటప్పుడు కూడా తెలుగులో పైకి చదివి వినిపించాలని రూల్స్‌లో రాయాలి, గడువు అయిపోయే లోపే.