పోలీసులకు అక్రిడిటేషన్ సరే, పాత ఫైళ్లు తెరిచేదెప్పుడు?

అమెరికాలో ఏదైనా నగర పోలీసుల పరువు బజారున పడితే, గొడవ సద్దుమణిగేలోపు సిటీ కౌన్సిల్ ముందు తరచూ ఒక ప్రతిపాదన ప్రత్యక్షమవుతుంది: మన డిపార్ట్‌మెంట్‌కు అక్రిడిటేషన్, అంటే ప్రమాణాలు పాటిస్తున్నామని బయటి సంస్థ ఇచ్చే గుర్తింపు, తెచ్చుకుందాం. మేయర్ సరేనంటారు, పోలీస్ చీఫ్ సంతోషంగా సరేనంటారు. సంస్కరణ ఎవరి మీదో వాళ్లే ఇంత సంబరపడుతున్నారంటే నాకు అక్కడే అనుమానం మొదలవుతుంది.

ఈ రంగంలో బాగా పేరున్న సంస్థ కాలియా. 1979లో నాలుగు పోలీస్ సంఘాలు కలిసి పెట్టుకున్నది. ప్రభుత్వ సంస్థ కాదు, చేరాలన్న నిర్బంధం లేదు, ఫీజు కట్టి చేరాలి. పూర్తి స్థాయి గుర్తింపు కావాలంటే నాలుగు వందలకు పైగా ప్రమాణాలు పాటిస్తున్నట్టు చూపించాలి. నాలుగేళ్ల సైకిల్‌లో ఏటా ఆన్‌లైన్‌లో ఫైళ్లు చూస్తారు, చివర్లో మనుషులు వస్తారు. వచ్చేవాళ్లు ఎక్కువగా వేరే ఊళ్ల పోలీసులో, రిటైరైన పోలీసులో.

దీనివల్ల లాభమే లేదని నేననను. సాక్ష్యాలుగా పట్టుకున్న డ్రగ్స్, డబ్బు, తుపాకులు దాచే గది సంగతే తీసుకోండి. ఆ గది బాధ్యుడు మారినప్పుడు ఆడిట్ చేయాలి, దాంతో సంబంధం లేని అధికారి ఏటా లెక్క చూడాలి, చెప్పకుండా వెళ్లి తనిఖీ చేయాలి అని ప్రమాణాలు చెబుతాయి. రాతపూర్వక నిబంధనలే సరిగ్గా లేని చిన్న డిపార్ట్‌మెంట్‌కు ఇది పెద్ద మార్పే. సమర్థించేవాళ్ల వాదనలో బలమున్నది ఇక్కడే. ఆ మాటకు విలువ ఉంది.

కానీ జనం రోడ్డెక్కింది ఆ గది తాళంచెవుల కోసం కాదు కదా!

అక్రిడిటేషన్ పని లోపల ఎలా నడుస్తుందో చూడండి. డిపార్ట్‌మెంట్‌లో దీనికోసమే ఒక అక్రిడిటేషన్ మేనేజర్ ఉంటారు. బలప్రయోగానికి సంబంధించిన ప్రమాణం ఉందనుకుందాం. ఆయన పాలసీ కాపీ ఒకటి ఫైల్లో పెడతారు. దానికి జతగా పూర్తిచేసిన ఒక రిపోర్టు, ఏడాది చివర రాసిన విశ్లేషణ, పాలసీ చదివామని సిబ్బంది కంప్యూటర్లో క్లిక్ చేసిన రికార్డు పెడతారు. ఫైలు నిండింది, పని అయింది. నిబంధన ఉందా, దాన్ని పాటించామని చెప్పే కాగితం ఉందా అన్నదే ఇక్కడ ప్రశ్న. నడిరోడ్డు మీద ఏం జరిగిందన్నది ఆ ఫైల్లో పోలీసు రాసుకున్నంత వరకే కనిపిస్తుంది.

అసలు లోటు నిబంధనల్లో ఉంటే కదా! న్యూయార్క్ పోలీసులు మెడ నొక్కి పట్టుకోవడాన్ని 1993లోనే నిషేధించుకున్నారు. 2014 జులైలో అరెస్టు చేయబోతూ ఒక పోలీసు ఎరిక్ గార్నర్ అనే నల్లజాతీయుడి మెడ చుట్టూ చెయ్యి వేశాడు. ఊపిరాడటం లేదని గార్నర్ పదకొండుసార్లు అన్నారు, చివరికి ప్రాణం పోయింది. ఆ పోలీసును ఉద్యోగంలోంచి తీసేయడానికి 2019 ఆగస్టు దాకా పట్టింది. మినియాపొలిస్‌లో తోటి పోలీసు అతిగా బలం వాడితే అడ్డుకోవాలన్న నిబంధన 2016 నుంచీ ఉంది. 2020 మే 25న జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద తొమ్మిది నిమిషాలకు పైగా, ప్రాణం పోయేదాకా, ఒక పోలీసు మోకాలు ఉంటే, మిగతా ముగ్గురు పోలీసులు అక్కడే ఉన్నారు. మోకాలు పెట్టిన డెరెక్ షావిన్ కొత్తవాళ్లకు పని నేర్పే ట్రైనింగ్ ఆఫీసర్. మర్నాటికల్లా పోలీసులు ఇచ్చిన ప్రకటన ఆ చావును 'వైద్య సంబంధ ఘటన' కింద తేల్చేసింది. పదిహేడేళ్ల అమ్మాయి ఫోన్‌లో వీడియో తీయకపోతే ఆ ప్రకటనే చరిత్ర అయ్యేది.

ఇదంతా జరిగాక 2020 జూన్‌లో అప్పటి అధ్యక్షుడు ట్రంప్ ఒక ఉత్తర్వు ఇచ్చారు. కొన్ని ఫెడరల్ గ్రాంట్లు కావాలంటే స్వతంత్ర సంస్థ దగ్గర గుర్తింపు తెచ్చుకోవాలి, మెడ నొక్కడాన్ని నిషేధించే పాలసీ ఉండాలి (ప్రాణాంతక బలం వాడొచ్చని చట్టం ఒప్పుకున్న సందర్భాలకు మినహాయింపు ఇచ్చి మరీ). న్యూయార్క్ దగ్గర ఇరవై ఏడేళ్లుగా ఉన్నది అదే!

మరి ఈ గుర్తింపుతో ఎక్కువ లాభం ఎవరికి? కాలియా చెప్పుకునే ప్రయోజనాల్లోనే సమాధానం దొరుకుతుంది. కేసులు పడితే వాదించుకోవడానికి బలం, నష్టపరిహారం భయం తగ్గడం అందులో ఉన్నాయి. అంటే లాయర్లకు, ఇన్సూరెన్స్ వాళ్లకు పనికొచ్చే కవచం. అయినా పరిహారం పోలీసుల జేబులోంచి పోతుందా ఏమిటి? ఫ్లాయిడ్ కుటుంబానికి మినియాపొలిస్ నగరం 2 కోట్ల 70 లక్షల డాలర్లు ఇచ్చింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, తప్పు ఒకరిది, చెల్లింపు ఊరందరిది.

నా పట్టుదల ఎప్పుడూ ఒక్క విషయం మీదే. సంస్థకు సర్టిఫికెట్ తర్వాత, ముందు మనిషి రికార్డు బయటపెట్టండి. షావిన్ మీద అప్పటికే పదిహేనుకు పైగా ఫిర్యాదులు ఉన్నాయి. గార్నర్ కేసులో పోలీసు పాత క్రమశిక్షణ రికార్డు ఇవ్వమంటే, అలాంటి రికార్డులను గోప్యంగా ఉంచే 1976 నాటి న్యూయార్క్ రాష్ట్ర చట్టం, 50-ఎ సెక్షన్ చూపించి కుదరదన్నారు. ఆ సెక్షన్ రద్దయింది 2020 జూన్‌లో, అదీ ఊళ్లన్నీ అట్టుడికాక. దాన్ని కాపాడుకోవడానికి పోలీసు యూనియన్లు ఎంత పోరాడాయో చూస్తే అసలు నొప్పి ఎక్కడుందో తెలిసిపోతుంది. అక్రిడిటేషన్‌కు వ్యతిరేకంగా అంత పోరాటం ఎక్కడైనా చూశారా?

క్లీవ్‌లాండ్ సంగతి ఇంకా ఘోరం. 2014 నవంబరులో బొమ్మ తుపాకీతో ఆడుకుంటున్న పన్నెండేళ్ల టామీర్ రైస్‌ను, కారు ఆగిన రెండు సెకన్లలోపే ఒక పోలీసు కాల్చాడు. అతను అంతకుముందు పనిచేసిన పక్క ఊరి డిపార్ట్‌మెంట్‌లో, తుపాకీ శిక్షణ సమయంలో నిబ్బరం కోల్పోతున్నాడని, ఈ ఉద్యోగానికి పనికిరాడని పై అధికారి రాసిపెట్టాడు. క్లీవ్‌లాండ్ ఆ ఫైలు తెప్పించుకుని చూడనే లేదు. చివరికి 2017లో అతన్ని తీసేసింది కూడా కాల్చినందుకు కాదు, దరఖాస్తులో నిజం దాచినందుకు.

తప్పు చేసినవాళ్లు చోటు మార్చి మళ్లీ యూనిఫాం వేసుకోకుండా, కనీసం ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) పోలీసుల వరకైనా తప్పుల జాబితా ఒకటి 2023 డిసెంబరులో మొదలైంది. 2025 జనవరిలో దాన్నీ మూసేశారు. పోతే పోనీ, ఒక నగరం తలుచుకుంటే వాషింగ్టన్ వైపు చూడక్కర్లేదు. అక్రిడిటేషన్ ఫీజుకు ఓటు వేసే కౌన్సిల్ సభ్యులు చేయి ఎత్తేముందు చీఫ్‌ను రెండు ప్రశ్నలు అడగొచ్చు: కిందటి ఏడాది వేరే ఊళ్ల నుంచి తీసుకున్న పోలీసుల్లో ఎంతమంది పాత ఫైళ్లు తెప్పించారు, వాటిని చదివి సంతకం పెట్టిందెవరు?