పళ్ళెన్ని అత్తయ్యగారూ?

జీపుకంటిన బురద ఇంకా ఆరలేదు, ఆరేలోపు చెప్పేస్తాను.

మాకు బుట్టాయగూడెం దగ్గర జీడిమామిడి తోట ఉంది. దారిలో ఒక వాగు, వాగు దాటాక జారుడు బంకమట్టి. అందుకని పాతికేళ్ళు దాటిన మహీంద్రా ఎంఎం 540 జీపుని అమ్మకుండా ముసలి ఎద్దుని మేపినట్టు మేపుతున్నాను. 2112 సీసీ ప్యూజో డీజిలు ఇంజిను ఇప్పటికీ దగ్గుతూనే లేస్తుంది. మొన్న ఫోర్ వీల్ గేరు వేస్తే ఎడమ ముందు చక్రంలోంచి టకటకమని చప్పుడు. ముందు చక్రం మధ్యలో హబ్బని ఒకటుంటుంది; దాని మీది బిళ్ళని లాక్ వైపు తిప్పితే చక్రం ఇంజిను తిప్పే షాఫ్టుకి అతుక్కుంటుంది, ఫ్రీ వైపు తిప్పితే విడిపోతుంది. ఆ హబ్బు లోపల, షాఫ్టుని పట్టుకునే పళ్ళు అరిగిపోయాయన్నాడు మెకానిక్. "ఒక్కటి మారిస్తే లాభం లేదండి, జత ఏసెయ్యండి. బెజవాడ ఆటోనగర్లో దొరుకుద్ది. శాంపిలు మాత్రం పట్టుకెళ్ళండి" అన్నాడు. శాంపిలు గుడ్డసంచిలో వేశాను. సంచి అరుగు మీద పెట్టి చెప్పులేసుకున్నాను. బస్సెక్కాను. సంచి ఇప్పటికీ అరుగు మీదే ఉంది.

"పది పళ్ళదా, 27 పళ్ళదా?" అన్నాడు షాపాయన తలెత్తకుండా, పెళ్ళిచూపుల్లో గోత్రం అడిగినట్టు.

నాకు తెలీదు. ఇన్నేళ్ళు కాపురం చేసిన జీపు పళ్ళెన్నో తెలీదంటే ఆయన నన్ను చూసిన చూపు ఇక్కడ రాయలేను. మెకానిక్‌కి ఫోన్ చేస్తే స్విచాఫ్. మా ఆవిడ బళ్ళో పాఠం చెబుతూ ఉంటుంది. ఇంట్లో ఉన్నది ఆవకాయ పెట్టడానికొచ్చిన అత్తయ్యగారొక్కరే. జీపు వాకిట్లోనే ఉంది, చక్రం ఊడదీసి, షాఫ్టు కొస బయటికి కనబడేట్టు. ఇంకేం, లెక్కపెట్టించేద్దామనుకున్నాను. షాపు బయట ఎవరో లారీ బాడీ మీద సుత్తితో దబదబా బాదుతున్నాడు. వినబడక స్పీకరు పెట్టాను. నేను చేసిన తప్పు అది.

"అత్తయ్యగారూ, పళ్ళెన్నున్నాయో చూసి చెప్తారా?"

"డజను తెప్పించాం కదా బాబూ. పొద్దున పిల్లలు రెండు తినేశారు. రసాలు ఇంకా ముగ్గలేదు."

"ఆ పళ్ళు కాదండీ, జీపు పళ్ళు."

"జీపులో పళ్ళున్నాయా? ఎవరూ చెప్పలేదే! ఎండకి కుళ్ళిపోవూ?"

"తినే పళ్ళు కాదండీ, నోట్లో పళ్ళలాంటివి."

"మీ మామయ్యగారివా? పైన నాలుగున్నాయి, కింద…"

షాపాయన కౌంటరు మీద తల పెట్టేశాడు. బేరింగు కోసమొచ్చిన లారీ డ్రైవరు బేరింగు సంగతి మరిచిపోయి స్టూలు లాక్కున్నాడు. పక్క షాపు కుర్రాడు గుమ్మంలోకొచ్చాడు. ఆటోనగర్లో అంతమంది పని మానేసి నిలబడ్డం ఎక్కడా చూడలేదు, బంద్ రోజు తప్ప.

మొత్తానికి ఆవిణ్ణి వాకిట్లోకి, జీపు దగ్గరికి, చక్రం ఊడిన చోటికి నడిపించాను. "నల్లగా గ్రీజు పూసుకుని ఒక ఇనప రోకలి కొస ఉంది బాబూ" అన్నారు. అదే. దాని చుట్టూ ఉన్న గాళ్ళ మధ్య గట్లు లెక్కపెట్టాలి. మొదటిసారి తొమ్మిదన్నారు. రెండోసారి పదకొండు. గుండ్రంగా ఉన్నదాన్ని ఎక్కడ మొదలెట్టామో, ఎక్కడ ఆపాలో ఎవరికి మాత్రం తెలుస్తుంది?

"ఉండండి బాబూ, గుర్తు పెట్టుకుంటాను" అని లోపలికెళ్ళి కుంకుమభరిణె తెచ్చి, ఒక పంటికి బొట్టు పెట్టి, అక్కణ్ణించి మొదలెట్టారు.

"లాభం… రెండు… మూడు… నాలుగు…"

అత్తయ్యగారిది ధాన్యం కొలిచిన చెయ్యి. మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. ఇక్కడ కౌంటరు దగ్గర కుర్రాడు కాగితం మీద గీతలు గీస్తున్నాడు. లాభానికి గీత గీయాలో వద్దో తెలీక నా మొహం చూశాడు. గీయమన్నాను.

"అయిదు… ఆరు… ఆరున్నొకటి…"

కుర్రాడి పెన్ను ఆగిపోయింది. "ఆరు మీద ఒకటేంటండీ, పన్ను విరిగిందా?"

నేను నోరు తెరిచేలోగా లారీ డ్రైవరు అందుకున్నాడు. "ఏడు అనకూడదురా. అంటే ఏడుపొస్తాదని మా నాయనమ్మా అనేది కాదు." దాంతో షాపు రెండుగా చీలిపోయింది. అది లెక్కలోకొస్తుందని కొందరు, ఆరుతోనే పోయిందని కొందరు. షాపాయన కూడా మధ్యలో దూరి, వాళ్ళమ్మగారు కొలిచేటప్పుడు ఏమనేవారో చెప్పడం మొదలెట్టాడు. ఈ గొడవలో ఎనిమిదీ తొమ్మిదీ ఎవరికీ వినబడలేదు. చివరికి స్పీకర్లోంచి "పది! మళ్ళీ బొట్టు దగ్గరికొచ్చేశాను బాబూ!" అని కేక. జనం చప్పట్లు కొట్టారు. నిజంగానే కొట్టారు.

అప్పుడు, అంతా అయ్యాక, ఆ కుర్రాడు తీరిగ్గా అన్నాడు: "పది పళ్ళదైతే లావుగా ఉంటాయండి, 27దైతే దువ్వెన పళ్ళలా సన్నం. ఫొటో తీసి పంపమంటే సరిపోయేదిగా?"

ఈ ముక్క షాపాయనకి తెలీదా? ముప్పయ్యేళ్ళుగా అదే గల్లా మీద కూర్చున్నాడు. వినోదం బాగుందని ఊరుకున్నాడంతే. అడిగినంత ఇచ్చేశాను, బేరమాడే మొహం లేదు. పెట్టెలో జత మెరుస్తోంది, తళతళలాడే వెండిరంగు.

మర్నాడు మెకానిక్ బొట్టు పెట్టిన షాఫ్టుని చూసి చెప్పులు విప్పేశాడు. "పూజ చేయించారాండీ? ముందే చెప్పాలి కదండీ" అని నిమ్మకాయ తెప్పించేదాకా స్పానరు ముట్టుకోలేదు. నిమ్మకాయతో కలిపి కూలి. బిగించేశాడు.

సాయంత్రం గాలివాన కురిసి వెలిసింది. రాలిన జీడిగింజలు చూసొద్దామని బయల్దేరితే, తన పళ్ళెలా పనిచేస్తున్నాయో చూస్తానని అత్తయ్యగారు ముందు సీట్లో ఎక్కారు. వాగు దగ్గర దిగి రెండు హబ్బుల బిళ్ళల్నీ కుడివైపు తిప్పాను, ఎడమదాని మీద లాక్ అటే రాసుంది కాబట్టి. ఫోర్ వీల్ వేశాను. వాగు దాటింది. బంకమట్టిలో దిగబడింది. వెనక చక్రాలు గిర్రున తిరిగి మట్టంతా అత్తయ్యగారి పట్టంచు చీర మీదికి చిమ్మాయి గానీ ముందు చక్రం ఒక్కటీ కదల్లేదు.

గట్టు తగాదా ఉన్న పక్క తోటాయన ట్రాక్టరే గతైంది. లాగినందుకు అయిదొందలు పుచ్చుకుని, కిందికి వంగి చూసి, "కుడిది ఫ్రీలోనే ఉందిగా" అన్నాడు. ఉండదా మరి! తాళంచెవితో వెండిరంగు గీకితే కింద అక్షరాలు బయటపడ్డాయి. అది వేరే కంపెనీది, పాతది, లాక్ ఎడమవైపు. ఒక హబ్బు ఫ్రీగా ఉంటే ముందు చక్రాల కోసం వచ్చిన ఇంజిను బలమంతా ఆ ఖాళీ షాఫ్టుని తిప్పడానికే పోతుంది. లాకైన చక్రం పెళ్ళికొచ్చిన చుట్టంలా చూస్తూ కూర్చుంటుంది.

అక్కడికక్కడే షాపుకి ఫోన్ చేశాను. ఒకే పెట్టెలో రెండు కంపెనీలవి, అందులో ఒకటి రంగేసిన పాతది ఎలా ఇచ్చావని నిలదీశాను.

"పది పళ్ళవి అడిగారు, పది పళ్ళవిచ్చాం" అన్నాడాయన. "కావాలంటే లెక్కపెట్టుకోండి."

ఫోను అత్తయ్యగారి చేతికిచ్చాను.