డిఫాల్ట్‌గా నల్ పెట్టేస్తే పని అయిపోదు

క్లౌడ్ వనరులను కోడ్‌తో తయారుచేసే సాధనం టెర్రాఫామ్. అందులో మాడ్యూళ్లు (మళ్లీ మళ్లీ వాడుకునే కోడ్ మూటలు) రాసేవాళ్లలో ఒక సలహా బాగా తిరుగుతోంది: "ఇవ్వకపోయినా ఫరవాలేదు అనుకున్న ప్రతి వేరియబుల్‌కూ డిఫాల్ట్‌గా నల్ పెట్టండి, మిగతాది టెర్రాఫామే చూసుకుంటుంది." నల్ అంటే 'విలువ ఏదీ లేదు' అని. కొత్తవాళ్లు ఈ సలహాను నమ్మి దెబ్బతింటున్నారు కాబట్టి, దీనికి మద్దతుగా చెప్పే మాటలను ఒక్కొక్కటిగా చూద్దాం.

"నల్ ఇస్తే ఆ ఆర్గ్యుమెంట్ రాయనట్టే." సగం నిజం. 2019లో వచ్చిన 0.12 వెర్షన్ నుంచి రిసోర్స్ (టెర్రాఫామ్ తయారుచేసే ఒక్కో వనరు) ఆర్గ్యుమెంట్ల విషయంలో అది అంతే. కానీ రిసోర్స్ లోపలి బ్లాకుకు నల్ ఇవ్వడం కుదరదు. అక్కడ డైనమిక్ బ్లాక్ (ఫర్ ఈచ్‌కు ఇచ్చిన జాబితాలో ఒక్కో అంశానికి ఒక బ్లాకును పుట్టించేది) రాసి, విలువ నల్ అయితే ఆ ఫర్ ఈచ్‌కు ఖాళీ జాబితా అందేలా చూడాలి.

"డిఫాల్ట్ రాసి ఉంటే నల్ పంపినా డిఫాల్టే వస్తుంది." ఇది పూర్తిగా తప్పు, అన్నిటికంటే ఖరీదైన తప్పు కూడా. లాగ్ గ్రూపు మాడ్యూల్‌లో లాగ్‌లను ఎన్ని రోజులు ఉంచాలో చెప్పే వేరియబుల్‌కు 30 అని డిఫాల్ట్ రాశారనుకోండి. దాన్ని పిలిచే పై మాడ్యూల్ తన వేరియబుల్‌కు ఈ సలహా ప్రకారమే నల్ పెట్టి, దాన్నే కిందికి పంపింది. లోపలికి వచ్చేది 30 కాదు, నల్. ఆ నల్ నేరుగా క్లౌడ్‌వాచ్ (లాగ్‌లు దాచే అమెజాన్ క్లౌడ్ సేవ) రిసోర్స్‌కు చేరుతుంది. గడువు చెప్పని లాగ్ గ్రూపులో లాగ్‌లు ఎప్పటికీ చెరిగిపోవు. ప్లాన్‌లో (ఏమేం మారబోతోందో టెర్రాఫామ్ ముందుగా చూపే జాబితా) ఎర్ర అక్షరం ఒక్కటీ కనిపించదు, బిల్లు మాత్రం నెలనెలా పెరుగుతుంది. మందు ఒక్క వరుసే: వేరియబుల్‌లో నల్లబుల్‌ను (నల్‌ను ఒప్పుకోవాలా వద్దా అని చెప్పే సెట్టింగు) ఫాల్స్ చేయండి. 2021 డిసెంబరులో వచ్చిన 1.1 నుంచి ఈ వీలుంది. అప్పుడు నల్ వచ్చినా 30 నిలబడుతుంది.

"కౌంట్‌లో నల్ అవునో కాదో చూస్తే చాలు." కౌంట్ అంటే ఆ రిసోర్స్ ఎన్ని కావాలో చెప్పే సంఖ్య. ఎన్‌క్రిప్షన్ కీ చిరునామా ఇస్తేనే దానికి పాలసీ తయారు కావాలని అలా రాస్తారు. ఆ కీ కూడా అదే అప్లైలో (ప్లాన్‌ను అమలు చేసే దశ) పుట్టబోతుంటే దాని చిరునామా ప్లాన్ సమయానికి తెలియదు. అది నల్ అవునో కాదో తేల్చలేక, కౌంట్ చెల్లదంటూ టెర్రాఫామ్ ఆగిపోతుంది. చిరునామాను ఒక ఆబ్జెక్ట్‌లో (పేర్లూ వాటి విలువలూ ఉన్న మూట) చుట్టి తీసుకోండి. లోపలి విలువ తెలియకపోయినా ఆబ్జెక్ట్ ఉందన్న సంగతి ముందే తెలుస్తుంది.

"ఆప్షనల్ ఇంకా ప్రయోగ దశలోనే ఉంది." పాత మాట. ఆబ్జెక్ట్‌లోని ఒక అంశాన్ని ఇవ్వకపోయినా ఫరవాలేదని చెప్పేదే ఆప్షనల్. 2022లో 1.3తోనే అది స్థిరపడింది. ఆబ్జెక్ట్‌లోని ఒక్కో అంశానికి అక్కడే డిఫాల్ట్ రాయవచ్చు, నల్ పంపినా ఆ డిఫాల్టే వర్తిస్తుంది. ఆబ్జెక్ట్ రూపంలో సెట్టింగులు తీసుకునే ప్రతి మాడ్యూల్‌కూ నేను దీన్నే ఎంచుకుంటాను.

దీనికీ ఒక లోపం ఉందని ఒప్పుకోవాలి. పిలిచేవాళ్లు అంశం పేరులో ఒక్క అక్షరం తప్పు రాస్తే, టైపులో లేని ఆ పేరును టెర్రాఫామ్ తీసి పక్కన పెడుతుంది, డిఫాల్ట్ విలువతో ముందుకు సాగుతుంది. తాము రాసిన విలువ అందిందో లేదో వాళ్లకు ప్లాన్‌లో ఆ వరుస చదివితేనే తెలుస్తుంది.