కత్తి గోడకెక్కిన తరువాత

ట్రావిస్ బాల్డ్రీ రాసిన 'లెజెండ్స్ అండ్ లాటేస్' నవలలో, మామూలు ఫాంటసీ కథకైతే ముగింపు కావలసిన ఘట్టం మొదటి పేజీల్లోనే అయిపోతుంది. ఇరవై రెండేళ్లు కిరాయికి కత్తి తిప్పిన వివ్ అనే ఆర్క్ స్త్రీ ఆఖరి వేటలో ఒక వికృత జంతువును చంపి, దాని తలలోని మణిని తీసుకుని, థ్యూన్ నగరంలో పాడుబడ్డ గుర్రపుశాలను కొని, ఆ ఊరివాళ్లు పేరైనా వినని కాఫీని అమ్మడానికి దుకాణం తెరుస్తుంది. ఆర్క్ అంటే మన చందమామ కథల్లోని రాక్షసుడికి దగ్గరి చుట్టం. కథల్లో ఆ జాతికి వీరుడి చేతిలో చావే తప్ప గల్లాపెట్టె ముందు కూర్చునే యోగం సాధారణంగా ఉండదు.

ఆడియో పుస్తకాలు చదివే వృత్తిలో ఉన్న బాల్డ్రీ 2022లో దీన్ని సొంతంగా ప్రచురించగా, అదే ఏడాది టోర్ సంస్థ మళ్లీ వేసింది; 2023లో, సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకు ఇచ్చే హ్యూగో పురస్కారం తుది జాబితాకూ చేరింది. ఇందులో ఏమీ జరగదని పెదవి విరిచేవారి మాటలో సగం నిజముంది. మిగతా సగం పనిలో ఉంది. మితభాషి అయిన వడ్రంగి కాల్, ఒక్కో మాటా ఆచితూచి పలికే ఎలుకజాతి వంటగాడు థింబుల్, ధరల పలకపై బొమ్మలు గీసే టాండ్రీ, వీళ్లంతా ముందు తమ పనితనంతో, ఆ తరువాతే స్నేహంతో వివ్‌కు దగ్గరవుతారు.

టాండ్రీ సక్యూబస్ జాతి స్త్రీ కావడంతో, ఎదుటివారిని వశపరచుకునే మాయలాడి అనే అనుమానం ఆమెకు పుట్టుకతోనే అంటుకుంది. వివ్‌ను చూసి జనం భయపడతారు, టాండ్రీని చూసి శంకిస్తారు. పక్కపక్కన నిలబడి పనిచేసే ఈ ఇద్దరి మధ్య ప్రేమ ఎంత నెమ్మదిగా పెరుగుతుందంటే, చివరి అధ్యాయాలు వచ్చేదాకా వాళ్లే దాన్ని పైకి ఒప్పుకోరు. ఇద్దరు ఆడవాళ్లు ప్రేమించుకోవచ్చా అని ఆ నగరంలో ఎవరూ అడగరు. వివక్షను పూర్తిగా జాతుల మీదికి మళ్లించి రచయిత సులువైన దారి పట్టాడని అనేవారు ఉండవచ్చు గానీ, ప్రతిసారీ తనను తాను సమర్థించుకోవలసిన బాధ్యత నుంచి ఒక ప్రేమకథకు విముక్తి దొరకడం నాకు ఈ పుస్తకంలోకెల్లా విలువైన సంగతిగా తోచింది.

నా అభ్యంతరం వేరే చోట ఉంది. వీధి వ్యాపారుల నుంచి మామూళ్లు గుంజే మాడ్రిగల్ అనే నాయకురాలితో తగాదా, వారంవారం థింబుల్ చేసే దాల్చినచెక్క రొట్టెలు పంపే ఒప్పందంతో తీరిపోతుంది. చదువుతుంటే నవ్వొస్తుంది, నిజమే. కానీ అలాంటి రొట్టెలు చేయడం రాని పక్క దుకాణదారులు ఆ మామూలు కడుతూనే ఉండాలి కదా? ఆశావాదం ఇక్కడ కాస్త కళ్లు మూసుకుంది.

మణి విషయంలో మాత్రం రచయిత కళ్లు తెరిచే ఉన్నాడు. దుకాణం నేల కింద పాతిన ఆ రాయే అదృష్టాన్ని ఆకర్షిస్తోందని వివ్ నమ్ముతుంది. పాత సహచరుడు ఫెన్నస్ దుకాణానికి నిప్పుపెట్టి దాన్ని ఎత్తుకుపోయాక, బూడిద మధ్య నిలబడిన ఆమె దగ్గరికి కాల్ మళ్లీ వస్తాడు, థింబుల్ వస్తాడు. టాండ్రీ అసలు వెళ్లనే లేదు.